నష్టాల గనిని నిదానంగా మూయండి: లెక్కల మనుషులు తప్పనే సలహాలు

బొగ్గు గని నష్టాల్లో పడిందంటే ప్రభుత్వానికి అందే సలహా ఒక్కటే. మూసెయ్యండి, ఎంత త్వరగా మూస్తే అంత డబ్బు మిగులుతుంది. ఆర్థిక శాఖ అదే అంటుంది, ఆడిటర్ అదే రాస్తాడు, టీవీ చర్చలో కూర్చున్న పెద్దమనిషి కూడా అదే చెబుతాడు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. నష్టాల గనికి డబ్బివ్వండి. ఏళ్ల తరబడి ఇవ్వండి. అందులో పనిచేసే తరం రిటైరయ్యేదాకా ఇవ్వండి. ఇది తలకిందుల సలహా అంటారు, అననివ్వండి. జర్మనీలోని రూర్ ప్రాంతం అరవై ఏళ్లపాటు ఈ తలకిందుల పనే చేసింది. దాన్ని దుబారా అన్నవాళ్లు ఆ మొత్తాన్ని లెక్కపెట్టారు గానీ, ఆ డబ్బు ఏ నష్టాన్ని ఆపిందో లెక్కపెట్టలేదు.

ఈ మాటలు ముఖ్యంగా మంత్రి పక్కన ఫైలు పట్టుకుని నిలబడే అధికారులకు, ఒప్పందాల బల్ల దగ్గర కూర్చునే యూనియన్ నాయకులకు. సింగరేణి బొగ్గు ఊళ్లైన కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వాళ్లు కూడా చదివితే మంచిది. ఈ ప్రశ్న ఇవాళ కాకపోతే రేపు వాళ్ల గడపకూ వస్తుంది.

ముందు నష్టం ఎంతో దాచకుండా చెప్పండి

సబ్సిడీ కావాలనుకునేవాళ్లు సాధారణంగా నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తారు. వచ్చే ఏడాది ధర పెరుగుతుంది, కొత్త యంత్రం వస్తే ఖర్చు తగ్గుతుంది అంటారు. అలా అనకండి. 1957లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో ఆరు లక్షల మందికి పైగా పనిచేసేవారు. మరుసటి ఏడాదే చౌక చమురు, అమెరికా నుంచి దిగుమతైన బొగ్గు వాళ్ల మార్కెట్‌ను దెబ్బకొట్టాయి. అమ్ముడుపోని బొగ్గు గనుల పక్కన గుట్టలుగా పేరుకుంది. అప్పుడు కూడా ఇది తాత్కాలికం అన్నారు. తాత్కాలికం కాదు. అక్కడి బొగ్గు పొరలు లోతుగా, సన్నగా ఉంటాయి. చివరి రోజుల్లో వెయ్యి మీటర్లకు పైగా దిగి తవ్వాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో నేల పైపొరలు తీసేసి తవ్విన బొగ్గు ఓడల్లో వచ్చి హాంబర్గ్ రేవులో దిగినా దానికంటే చౌకే. ఈ శతాబ్దం మొదట్లో రూర్ బొగ్గు ఉత్పత్తి ఖర్చు దిగుమతి ధరకు దాదాపు మూడు రెట్లు ఉండేది.

కాబట్టి ఆ గని మళ్లీ లాభాల్లోకి రాదని ముందే ఒప్పుకోండి. వస్తుందని ఆశపెట్టి సబ్సిడీ తీసుకుంటే, రానప్పుడు ఆ డబ్బుతో పాటు మీ మాటకున్న విలువ కూడా పోతుంది. రాదని చెప్పి తీసుకుంటే ఆ డబ్బు దేనికోసమో అందరికీ తెలుస్తుంది. అది బొగ్గు కోసం కాదు, దాన్ని తవ్విన మనుషులు ఇంకో ఒడ్డుకు చేరడానికి.

కరెంటు బిల్లు మీద అచ్చు వేయండి

జర్మనీ 1974లో చట్టం చేసి, 1975 నుంచి ప్రతి కరెంటు బిల్లు మీద బొగ్గు సెస్సు వేసింది. స్వదేశీ బొగ్గును కొన్న విద్యుత్ కంపెనీలకు ఆ డబ్బుతో తేడా కట్టేవారు. చివరికి అది బిల్లులో ఎనిమిది శాతం దాటింది. ఒక వినియోగదారుడు నేను కట్టనంటూ కోర్టుకు వెళ్లాడు. 1994 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. బొగ్గు పరిశ్రమను కాపాడటం దేశమంతటి బాధ్యత అయితే అందరి పన్నుల్లోంచి ఇవ్వాలి, కరెంటు వాడినవాళ్ల మీద మాత్రమే ఎలా వేస్తారన్నది తీర్పు సారాంశం. 1996 నుంచి ఆ డబ్బు బడ్జెట్‌లోంచి రావడం మొదలైంది.

చట్టం ప్రకారం కోర్టు చెప్పిందే సరి. అయినా నా సలహా మారదు. సెస్సు రూపంలో కుదరకపోతే బడ్జెట్ నుంచే ఇవ్వండి, కానీ ఇంటింటికీ పడుతున్న వాటా ఎంతో బిల్లు మీద మాత్రం అచ్చు వేయండి. దాచిన సబ్సిడీని దాచినవాడే ఒకరోజు చడీచప్పుడు లేకుండా ఎత్తేయగలడు. నెలనెలా బిల్లు మీద కనిపించేదాని గురించి ఇంట్లో మాట వస్తుంది, వీధిలో వాదన నడుస్తుంది. అక్కడ రెండు దశాబ్దాలు ఆ వాదన నడిచింది. అంతకాలం జనం తిట్టుకుంటూనే కట్టారు. అంతకు మించిన ప్రజామోదం ఏ పథకానికీ దొరకదని నా నమ్మకం.

బొగ్గు ధర చూసి కాదు, మనుషుల వయసు చూసి మూయండి

ఆర్థికవేత్తలకు కోపం తెప్పించే సలహా ఇదే. నాకు అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

మామూలు లెక్క ప్రకారం ఎక్కువ నష్టం తెచ్చే గనిని ముందు మూయాలి. 1958 తరువాత పదేళ్లు రూర్‌లో అలాగే మూశారు. ఏ కంపెనీకి ఏ గని బరువైతే దాన్ని వదిలించుకుంది. ఆ పదేళ్లలో సగానికి పైగా ఉద్యోగాలు పోయాయి. 1959లో అరవై వేల మంది గని కార్మికులు అప్పటి రాజధాని బాన్‌లో కదం తొక్కారు. 1967లో డార్ట్‌మండ్ వీధుల్లో నల్లజెండాలు లేచాయి. ప్రభుత్వం అప్పుడు మేల్కొని 1968లో విడివిడి కంపెనీలను కలిపి రూర్‌కోలే అనే ఒకే సంస్థ చేయించింది. దానివల్ల జరిగిన అసలు మేలు ఏమిటంటే, ఒక గని మూతపడితే అందులోని చిన్న వయసు వాళ్లను ఇంకో గనికి పంపగలిగారు. పెద్ద వయసు వాళ్లను ఇంటికి పంపగలిగారు, అది కూడా చేతిలో నెలసరి డబ్బు పెట్టి.

1972లో మొదలైన ఆ నెలసరి భృతి పద్ధతి చూడండి. బాయిలో (భూగర్భ గనిలో) ఏళ్ల తరబడి పనిచేసి యాభై నిండినవాడికి, ఉపరితలం మీద పనిచేసి యాభై ఏడు దాటినవాడికి పింఛను వయసు వచ్చేదాకా గరిష్ఠంగా ఐదేళ్లు ప్రతి నెలా డబ్బు వచ్చేది. కేంద్రం, రాష్ట్రం కలిసి భరించేవి. ఒక్కసారి చేతిలో పెట్టే మూట కాదు అది. నెల తిరిగేసరికి బ్యాంకులో పడే జీతం లాంటిది. అద్దె కడతారు, కిరాణా బాకీ తీరుతుంది, పిల్ల చదువు ఆగదు. ఊళ్లో బార్బరు షాపు కూడా బతుకుతుంది.

మూట ఇచ్చిన చోట ఏమైంది? 1998లో పోలండ్ గని కార్మికులకు ప్యాకేజీ ఇచ్చి బయటికి పంపింది. వేలమంది ఒక్కసారిగా డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. చాలామందికి ఆ డబ్బు అయిపోయాక ఇంకో పని దొరకలేదు. మన సింగరేణిలో గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకున్న కుటుంబాలు ఆ చెక్కుతో ఏం చేశాయో గోదావరిఖనిలో ఏ టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. ఒకరు ఇల్లు కట్టారు, ఒకరు కూతురి పెళ్లి చేశారు, ఒకరు చిట్టీలో పోగొట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు. నలభై ఏళ్లు నెల జీతంతో బతికిన మనిషి చేతిలో మొత్తం ఒక్కసారే పెట్టి నీ దారి నువ్వు చూసుకో అనడమే తప్పు.

జర్మనీలోని మరో బొగ్గు ప్రాంతం సార్‌లాండ్ సంగతి కూడా చెప్పాలి. 2008 ఫిబ్రవరిలో అక్కడి తవ్వకాల వల్ల భూమి కంపించి ఇళ్ల గోడలు పగిలాయి. తవ్వకం ఆపేశారు, 2012లో ఆ ప్రాంతంలో బొగ్గు పూర్తిగా ఆగిపోయింది. వయసు సరిపోని కార్మికులను ఉత్తరాన దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని ఇబ్బెన్‌బ్యూరెన్ గనికి బదిలీ చేశారు. చాలామంది వారమంతా అక్కడ ఉండి, శని ఆదివారాలు ఇంటికి వచ్చిపోయేవారు. అది కష్టమైన బతుకే. కానీ మస్టర్ ఆగలేదు.

దీనికయ్యే డబ్బు తక్కువేం కాదు. 1990ల మధ్యలో జర్మనీ ఇచ్చిన సబ్సిడీని కార్మికుల సంఖ్యతో భాగిస్తే తలకు ఏటా లక్ష మార్కులు దాటేది. ఇంతకంటే అందరికీ పూర్తి జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెడితే చౌక కదా అని అప్పట్లో చాలామంది అడిగారు. నా జవాబు కూడా సూటిగానే ఉంటుంది. అందరినీ ఒకేరోజు ఇంట్లో కూర్చోబెట్టిన ఊరు ఊరుగా మిగలదు. అక్కడ పని నేర్పేవాడూ ఉండడు, నేర్చుకునేవాడూ ఉండడు, పొద్దున లేచి వెళ్లేచోటూ ఉండదు.

ఇంగ్లండ్ చేసిన పొదుపు ఖరీదు చూడండి

అదే కాలంలో బ్రిటన్ త్వరగా మూసే దారి పట్టింది. 1984 మార్చిలో 20 గనులు మూస్తామని, 20 వేల ఉద్యోగాలు పోతాయని ప్రకటన వచ్చింది. ఏడాది పాటు సమ్మె నడిచింది, కార్మికులు ఓడిపోయారు. సమ్మె నాటికి సుమారు 170 గనులుండగా, 1994లో పరిశ్రమను ప్రైవేటుకు అమ్మేనాటికి నడుస్తున్న లోతు గనులు ఇరవై కూడా లేవు. దక్షిణ యార్క్‌షైర్‌లోని గ్రైమ్‌తార్ప్ గని 1993లో మూతపడింది. ఆ మరుసటి ఏడాదే ఆ ఊరు దేశంలోకెల్లా పేద గ్రామంగా వార్తల్లోకెక్కింది. పదేళ్లలో దేశం మిగుల్చుకున్న సబ్సిడీ నిరుద్యోగ భృతి రూపంలో, వైకల్య భృతి రూపంలో మరో ఖాతాలోంచి వెళ్లిపోయింది.

ఇంకో విషయం మరీ బాధ పెడుతుంది. 1994 ఏర్పాటు ప్రకారం గని కార్మికుల పింఛను నిధికి ప్రభుత్వం హామీగా నిలబడింది, బదులుగా నిధిలో మిగులు వస్తే అందులో సగం తీసుకుంటానంది. 2021 నాటికి అలా ఖజానాకు చేరింది 440 కోట్ల పౌండ్లు. ఆ నిధిలోకి తనవంతుగా ప్రభుత్వం వేసింది ఏమీ లేదని పార్లమెంటు కమిటీయే తేల్చింది. 2024 బడ్జెట్‌లో 150 కోట్ల పౌండ్ల రిజర్వు నిధిని పింఛనుదారులకు తిరిగి ఇచ్చారు, ముప్పై ఏళ్ల తరువాత. మూసివేత ఒప్పందంలో పింఛను మిగులు ఎవరికన్న వాక్యాన్ని మిగతా వాటికంటే ముందు చదవండి.

చివరి తేదీ దూరంగా పెట్టండి, పెట్టాక జరపకండి

సబ్సిడీ అంటే ఎప్పటికీ అని కాదు. 1997 మార్చిలో జర్మనీ చాన్సలర్ కోల్ ప్రభుత్వం కోతలు మొదలుపెడితే గని కార్మికులు బాన్‌లో ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ దిగ్బంధం చేశారు. దాని ఫలితంగా వచ్చిన రాజీలో 2005 నాటికి సబ్సిడీని ఏటా 550 కోట్ల మార్కులకు తగ్గిస్తామని, అయితే ఎవరినీ బలవంతంగా తొలగించబోమని రాసుకున్నారు. 2007లో చట్టం చేసి 2018 చివరితో ఆపుతామన్నారు. అంటే పదకొండేళ్ల ముందే తేదీ తెలుసు. ఆ రోజు యాభై ఏళ్లున్నవాడు, నలభై ఉన్నవాడు, ఇరవై ఐదున్నవాడు తమతమ లెక్కలు వేసుకోగలిగారు. స్పెయిన్‌లో కూడా 2018 అక్టోబరులో 25 కోట్ల యూరోల ఒప్పందం కుదిరింది కానీ, చాలా గనులు ఆ ఏడాది చివరికే మూతపడిపోయాయి. ఒప్పందం మంచిదే. రెండు నెలల గడువు మాత్రం మంచిది కాదు.

2018 డిసెంబరు 21న బాట్రాప్‌లోని ప్రాస్పర్-హానియెల్ గనిలోంచి చివరి బొగ్గు ముద్ద తెచ్చి జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మయర్ చేతిలో పెట్టారు. దానికి నాలుగు రోజుల ముందే ఇబ్బెన్‌బ్యూరెన్‌లో ఒక యువ కార్మికుడు భూగర్భంలో ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికే ఆ గనిలో తవ్వకం అయిపోయింది, మూసే పనులు సాగుతున్నాయి. ఇక మూసేదే కదా అని చివరి ఏడాది రక్షణ ఖర్చు తగ్గించాలనుకునే ఆఫీసరు ఎక్కడైనా ఉంటాడు. ఆ ఏడాది రక్షణ ఖర్చు పెంచండి. సామాన్లు విప్పడం, పట్టాలు ఎత్తడం, గేట్లు కట్టడం ఎవరికీ రోజూ అలవాటున్న పని కాదు.

బొగ్గు ఆగినా పంపు ఆగదు

నూట యాభై ఏళ్లు తవ్వడం వల్ల రూర్‌లో కొన్నిచోట్ల నేల ఇరవై మీటర్ల దాకా కుంగిపోయింది. ఎసెన్, బాట్రాప్ చుట్టుపక్కల చాలా వీధులు ఇప్పుడు నదుల మట్టం కంటే కిందుంటాయి. వానపడితే ఆ నీరు తనంతట తాను నదిలోకి పోదు, పంపులతో ఎత్తిపోయాలి. కింద పాత సొరంగాల్లో చేరే ఉప్పునీరు తాగునీటి పొరకు తగలకుండా దాన్నీ తోడాలి. ఈ పని ఎప్పటికీ ఆగదు. ఆపితే పట్టణాలు మడుగులవుతాయి. ఏడాదికి 20 నుంచి 30 కోట్ల యూరోల ఖర్చు.

దీనికి వాళ్లు చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చింది. గనుల కంపెనీకి అనుబంధంగా పెరిగిన రసాయన వ్యాపారాన్ని విడదీసి ఎవోనిక్ అనే కంపెనీ చేశారు. దాని వాటాలను 2007లో పెట్టిన ఒక ఫౌండేషన్ చేతిలో ఉంచారు. ఎక్కువగా ఆ వాటాల ఆదాయంతోనే ఇప్పుడు పంపులు తిరుగుతున్నాయి. లాభం తెచ్చే ముక్కను ముందే అమ్మి ఆ ఏటి బడ్జెట్ పూడ్చుకుని ఉంటే ఈ నీళ్ల ఖర్చు మనవళ్ల పన్నుల మీద పడేది. మీ చేతిలో అలాంటి లాభాల ముక్క ఏదైనా ఉంటే అమ్మకండి, గని పోయాక మిగిలే ఖర్చుకు రాసిపెట్టండి.

కొత్త ఫ్యాక్టరీ తెస్తామని వచ్చేవాడికి మాత్రం చేయి బిగించండి. గనికి ముప్పై ఏళ్లు ఇవ్వడానికి వెనకాడేవాళ్లే కొత్తవాడికి మూడు నెలల్లో స్థలం, రాయితీ రాసిచ్చేస్తారు. రూర్‌లోని బోఖుమ్‌లో రెండు గనుల స్థలంలో 1962లో ఒపెల్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, 2014లో పోయింది. అదే ఊళ్లో ప్రభుత్వ సాయం తీసుకున్న నోకియా 2008లో పని రుమేనియాకు తరలించింది, 2,300 ఉద్యోగాలు పోయాయి. బోఖుమ్‌లో నిలిచింది మాత్రం 1965లో తెరిచిన యూనివర్సిటీ. గనులింకా నడుస్తుండగానే పెట్టారు దాన్ని. మూతపడ్డాక కాలేజీ తెస్తామనే మాట నమ్మకండి, అప్పటికి చదవాల్సిన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కి ఉంటారు.

రూర్‌లోని గెల్సెన్‌కిర్షెన్ ఇప్పటికీ జర్మనీలో నిరుద్యోగం ఎక్కువున్న పట్టణాల్లో ఒకటి. సబ్సిడీ దాన్ని స్వర్గం చేయలేదు. తాము మూసేసుకున్న బొగ్గుకు బదులు రష్యా, అమెరికా, కొలంబియా బొగ్గు తెచ్చి కాల్చారన్నదీ నిజమే. గని మూసినంత మాత్రాన పొగగొట్టం మూతపడదు. ఆ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు డబ్బుతో చేయాలి. వాతావరణం పేరు చెప్పి కార్మికుడి భృతి కోయకండి.

మన బాయిల లెక్క

సింగరేణి జర్మనీ గనుల్లా చావు దగ్గర లేదు. లాభాల్లో కార్మికులకు వాటా ఇస్తోంది. కానీ 1990ల్లో రెండుసార్లు, ఖాయిలా పడ్డ సంస్థలను చూసే బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లి, అప్పుల మీద వెసులుబాటు దొరికి బతికిన సంస్థ అది. లక్ష దాటిన కార్మికుల సంఖ్య నలభై వేల దగ్గరికి వచ్చింది. ఇవాళ అండర్‌గ్రౌండ్ బాయిల నష్టాన్ని ఓపెన్‌కాస్ట్ గనుల (ఓసీల) లాభం మోస్తోంది. అంటే సబ్సిడీ అప్పుడే నడుస్తోంది, సంస్థ లోపలే, పేరు పెట్టకుండా. నా మొదటి సలహా దీనికీ వర్తిస్తుంది. ఏ బాయికి ఏటా ఎంత వెళ్తోందో నోటీసు బోర్డు మీద పెట్టండి. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే ఆగాక బజారు ఎలా చిక్కిపోయిందో చూసినవాళ్లు ఆ డబ్బును వృథా అనరు.

జర్మన్ యూనియన్లకు ఒక బలం ఉండేది. 1951 చట్టం ప్రకారం బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక బోర్డులో కార్మికులకు యాజమాన్యంతో సమానంగా సీట్లు ఉండేవి. కార్మిక వ్యవహారాలు చూసే డైరెక్టర్‌ను వాళ్ల ప్రతినిధులకు ఇష్టం లేకుండా నియమించడానికి వీల్లేదు. మూసివేత జాబితా తయారయ్యే గదిలో వాళ్లు ఉన్నారు. మన దగ్గర నాయకులకు జాబితా తయారయ్యాక కాపీ అందుతుంది.

అందుకే ఈసారి చర్చలకు వెళ్లేటప్పుడు జీతాల పట్టికతో పాటు ఇంకో కాగితం అడగండి: ఏరియా వారీగా, బాయి వారీగా, ఎవరి వయసెంత, ఎవరికి ఎన్నేళ్ల సర్వీసు మిగిలింది. దాని పక్కనే ఆ బాయిలో నీళ్లు తోడే ఖర్చు ఎంత, బొగ్గు ఆగాక ఆ పంపు ఎవరి ఖాతాలో తిరుగుతుంది అన్నది రాయించండి. ఈ కాగితం చేతికి రాకుండా ఏ బాయి మూసివేత మీదా సంతకం పెట్టకండి.